వాషింగ్టన్‌లో ఒక్క రోజు: జాతీయ స్మారకాలపై పాఠకుల ప్రశ్నలు

అమెరికాలో ఉన్న పిల్లల దగ్గరికి వెళ్లే తల్లిదండ్రులు, అక్కడే ఉద్యోగాలు చేసుకుంటున్నవారు వాషింగ్టన్ డీసీ గురించి రాసిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం నేషనల్ మాల్ మైదానం, దాని పక్కనున్న టైడల్ బేసిన్ చెరువు చుట్టూ ఉన్న స్మారకాలవే. ఒకేలాంటి ప్రశ్నలను కలిపి జవాబిస్తున్నాం.

ప్రశ్న: మా అబ్బాయి వర్జీనియాలోని ఫెయిర్‌ఫాక్స్‌లో ఉంటాడు. నాకు 62, మావారికి 67 ఏళ్లు. ఇద్దరం బాగానే నడుస్తాం. స్మారకాలకు ఒక్క శనివారమే దొరుకుతుంది. కారులో వెళ్లమంటారా, మెట్రోలోనా? ఏది ముందు చూడాలి, ఏది తర్వాత? – ఒక పాఠకురాలు, గుంటూరు

జవాబు: మెట్రోలోనే వెళ్లండి. వియన్నా స్టేషన్ దగ్గర కారు పెట్టి ఆరెంజ్ లైన్ ఎక్కితే, రైలు మారే పని లేకుండా స్మిత్సోనియన్ స్టేషన్‌లో దిగుతారు. శని, ఆదివారాల్లో మెట్రో పార్కింగ్‌కు డబ్బు తీసుకోరు. రైలు ఛార్జీ కూడా మామూలు రోజులకన్నా బాగా తక్కువ. ఒక కార్డుతో ఇద్దరు వెళ్లడం కుదరదు. ఎవరి కార్డు వాళ్లే గేటుకు తాకించాలి, ఎక్కినచోట ఏ కార్డు తాకించారో దిగినచోటా అదే తాకించాలి. మెట్రో వారి స్మార్‌ట్రిప్ కార్డు లేకపోతే కాంటాక్ట్‌లెస్ బ్యాంకు కార్డు కూడా పనిచేస్తుంది.

చాలామంది చేసే పొరపాటు పార్లమెంటు భవనం, అంటే క్యాపిటల్, వైపు నుంచి మొదలుపెట్టడం. అక్కణ్నుంచి లింకన్ స్మారకానికి 2 మైళ్ల పైచిలుకు. దారంతా మ్యూజియాలే. ఒకదాంట్లోకి తొంగిచూసి, ఇంకోదాంట్లో కాసేపు కూర్చుని లింకన్ దగ్గరికి చేరేసరికి మధ్యాహ్నం దాటుతుంది, కాళ్లలో సత్తువ ఉండదు. అందుకే రోజును రెండు ముక్కలు చేయండి. ఉదయం ఒక విడత, సాయంత్రం ఒక విడత, మధ్యలో చల్లగా ఒకచోట విశ్రాంతి.

ఉదయం 8.30కల్లా స్మిత్సోనియన్ స్టేషన్‌లో దిగి, మాల్ వైపు తీసుకెళ్లే దారి గుండా బయటికి రండి. పడమటి దిక్కుకు తిరిగితే ఎదురుగా వాషింగ్టన్ మాన్యుమెంట్ అనే ఎత్తయిన రాతి స్తూపం కనిపిస్తుంది. పైకెక్కే ఉద్దేశం లేకపోతే దాని మొదలు దగ్గరికి వెళ్లి, మూడో వంతు ఎత్తులో రాయి రంగు మారడం చూసి ముందుకు సాగండి. 1848లో కట్టడం మొదలై, 1854లో నిధుల్లేక ఆగిపోయి, 1879లో మళ్లీ మొదలైంది. మధ్యలో పాతికేళ్లు గడిచేసరికి రాయి వేరే గనుల నుంచి తేవాల్సి వచ్చింది. ఆ అతుకు అదే.

తర్వాత రెండో ప్రపంచ యుద్ధ స్మారకం, అరగంట చాలు. 2004లో ప్రారంభమైన ఈ ప్రాంగణంలో చుట్టూ 56 స్తంభాలుంటాయి. అప్పటి 48 రాష్ట్రాలకు, ఏడు పాలిత ప్రాంతాలకు, రాజధానికి ఒక్కొక్కటి. అందరూ ఫౌంటెన్ దగ్గర ఫొటో దిగి వెళ్లిపోతారుగానీ పడమటి గోడ మీది బంగారు నక్షత్రాల దగ్గర ఆగండి. అవి 4,048. ఒక్కో నక్షత్రం చనిపోయిన వందమంది అమెరికన్ సైనికులకు గుర్తు. నీళ్లలో కాళ్లు పెట్టడం నిషిద్ధం, పిల్లలుంటే ముందే చెప్పండి.

అక్కణ్నుంచి రిఫ్లెక్టింగ్ పూల్ అనే పొడవాటి కొలను వెంట కాకుండా దానికి ఉత్తరాన చెట్ల నీడలో ఉన్న బాట పట్టండి. ఎండ తగలదు, నేరుగా వియత్నాం యుద్ధంలో పోయిన అమెరికన్ సైనికుల పేర్లు చెక్కిన వియత్నాం గోడ దగ్గరికి చేరతారు. అక్కడ గంట. తర్వాత లింకన్ దగ్గర ముప్పావుగంట, కొరియా యుద్ధ స్మారకం దగ్గర అరగంట. ఈ విడత మొత్తం నడక సుమారు 3 కిలోమీటర్లు. 12.30కి పూర్తవుతుంది.

అక్కణ్నుంచి ఊబర్ ట్యాక్సీలోనో లిఫ్ట్ కంపెనీ ట్యాక్సీలోనో కాన్‌స్టిట్యూషన్ అవెన్యూ మీదున్న అమెరికన్ హిస్టరీ మ్యూజియానికి వెళ్లండి. ప్రవేశం ఉచితం. లోపల ఏసీ, కుర్చీలు, మంచినీళ్లు, శుభ్రమైన టాయిలెట్లు, తినడానికి కెఫె ఉన్నాయి. మ్యూజియం చూడాలన్న పట్టుదల పెట్టుకోకుండా సాయంత్రం 5 దాకా నెమ్మదిగా గడపండి. 5.30కి మూసేస్తారు.

రెండో విడత మళ్లీ అలాంటి ట్యాక్సీలోనే మార్టిన్ లూథర్ కింగ్ స్మారకం దగ్గర దిగి మొదలుపెట్టండి. అక్కణ్నుంచి టైడల్ బేసిన్ గట్టు వెంట రూజ్‌వెల్ట్ స్మారకం, ఆ తర్వాత జెఫర్సన్. ఈ క్రమాన్ని తిరగేయకండి. రూజ్‌వెల్ట్ స్మారకం ఆయన నాలుగు పదవీకాలాలకు నాలుగు ఆరుబయటి ‘గదులు’గా, 7.5 ఎకరాల్లో సాగుతుంది. జెఫర్సన్ వైపు నుంచి వస్తే రూజ్‌వెల్ట్ మరణం ముందు, ఆర్థిక మాంద్యం తర్వాత చూస్తారు. కథ తలకిందులవుతుంది. గదిగదికీ నీటి ధార ఉధృతి ఎలా మారుతుందో గమనించండి. 1997లో తెరిచినప్పుడు పోలియో సోకిన రూజ్‌వెల్ట్‌ను చక్రాల కుర్చీలో స్పష్టంగా చూపలేదని వికలాంగుల సంఘాలు గట్టిగా అడిగాయి. ఆ కుర్చీలో కూర్చున్న విగ్రహాన్ని 2001లో స్మారకం ప్రవేశం దగ్గరే చేర్చారు.

ఒక హెచ్చరిక. టైడల్ బేసిన్ గట్టు గోడల మరమ్మతు 2024లో మొదలైంది. రూజ్‌వెల్ట్, జెఫర్సన్ స్మారకాల మధ్య బాట కొన్నిచోట్ల మళ్లించి ఉండొచ్చు. పాత మ్యాపు పట్టుకుని కంచె దాకా వెళ్లి వెనక్కి రావడం ఎండలో చాలా కష్టం. బయల్దేరే ముందు నేషనల్ పార్క్ సర్వీస్ వెబ్‌సైట్‌లో ఆరోజు పరిస్థితి చూసుకోండి. పాత గైడ్‌లలో డాలర్ ఛార్జీతో స్మారకాలన్నీ తిప్పే ‘సర్క్యులేటర్’ బస్సు గురించి రాసి ఉంటుంది. అది 2024 డిసెంబరు 31తో ఆగిపోయింది. దానికోసం స్టాపులో నిలబడకండి.

అలసిపోయి ఒకటి వదిలేయాల్సి వస్తే జెఫర్సన్ వదిలేయండి. చెరువు ఇవతలి గట్టు నుంచి ఆ గోపురం ఎలాగూ కనిపిస్తుంది. వియత్నాం గోడను మాత్రం దూరం నుంచి చూసి వచ్చేస్తే చూసినట్టు కాదు.

ప్రశ్న: వాషింగ్టన్ మాన్యుమెంట్ పైకెక్కడానికి టికెట్ ఇండియా నుంచే తీసుకోవచ్చా? అక్కడికెళ్లాక ‘ఈరోజుకు అయిపోయాయి’ అంటారని విన్నాం. – ఒక పాఠకుడు, విశాఖపట్నం

జవాబు: తీసుకోవచ్చు. మీరు విన్నదీ నిజమే. రిక్రియేషన్ డాట్ గవ్ అనే ప్రభుత్వ వెబ్‌సైట్‌లో మీరు వెళ్లే తేదీకి సరిగ్గా 30 రోజుల ముందు, అక్కడి ఉదయం 10 గంటలకు టికెట్లు విడుదల చేస్తారు. మన గడియారంలో అది మార్చి రెండో ఆదివారం నుంచి నవంబరు మొదటి ఆదివారం దాకా రాత్రి 7.30, మిగతా నెలల్లో రాత్రి 8.30. వేసవి శనివారాలు చూస్తుండగానే నిండిపోతాయి కాబట్టి ఖాతా ముందే తెరిచి, లాగిన్ అయి కూర్చోండి. టికెట్‌కు 1 డాలర్ సర్వీసు ఛార్జీ, తిరిగి ఇవ్వరు. 2 ఏళ్లు నిండిన పిల్లలకూ టికెట్ ఉండాలి. ఈ సంగతి తెలియక పసిపిల్ల ఒక్కతి మిగిలిపోయి, తల్లో తండ్రో కిందే ఆగిపోవాల్సి వస్తుంటుంది.

ఆన్‌లైన్‌లో దొరకకపోతే ఆశ వదులుకోనక్కర్లేదు. 15వ స్ట్రీట్ వైపు, మాన్యుమెంట్ కిందనే ఉన్న చిన్న రాతి భవనంలో, దాన్ని లాడ్జ్ అంటారు, ఆ రోజు టికెట్లు ఉదయం 8.45 నుంచి ఉచితంగా ఇస్తారు. ముందు వచ్చినవారికి ముందు. ఒక్కరు ఆరు టికెట్ల దాకా తీసుకోవచ్చు, ఇంటిల్లిపాదీ వరుసలో నిలబడనక్కర్లేదు. వేసవిలో గంట, గంటన్నర ముందే చేరితే నమ్మకం.

టికెట్ మీద వేళ రాసి ఉంటుంది. లోపలికి వెళ్లే ముందు భద్రతా తనిఖీ ఉంటుంది. పెద్ద బ్యాగులు, స్ట్రోలర్లు, తినుబండారాలు తీసుకెళ్లనివ్వరు. వాటిని దాచిపెట్టే ఏర్పాటు లేదు, కాబట్టి ఎవరో ఒకరు కింద ఉండాలి, లేదా తేకుండా రావాలి. లోపల టాయిలెట్ లేదు, లాడ్జ్ దగ్గరే పని ముగించుకోండి. 500 అడుగుల ఎత్తుకు లిఫ్ట్ దాదాపు 70 సెకన్లలో తీసుకెళ్తుంది. దిగేటప్పుడు తొందరపడి ఫోన్ చూసుకోకండి. లిఫ్ట్ నెమ్మదించినప్పుడు గోడల్లో పొదిగిన రాతి ఫలకాలు కనిపిస్తాయి. రాష్ట్రాలు, నగరాలు, సంఘాలు, విదేశాలు పంపినవి 190కి పైగా ఉన్నాయి. గాలివాన, ఉరుములున్న రోజుల్లో లిఫ్ట్ ఆపేస్తారు. జులై 4న, డిసెంబరు 25న ఎక్కనివ్వరు.

ప్రశ్న: నేను నార్త్ కరోలినాలో పనిచేస్తున్నాను. మా ఆఫీసులో ఒక పెద్దాయన, వియత్నాం యుద్ధంలో పోయిన తన అన్న పేరు కాగితం మీద రాసిచ్చి, గోడ మీది ఆ పేరుకు పెన్సిల్ అచ్చు తెచ్చిపెట్టమన్నారు. అన్ని వేల పేర్లలో ఎలా వెతకాలి? అచ్చు ఎలా తీయాలి? – ఒక పాఠకుడు, షార్లట్

జవాబు: ముందు ఆయన్ని మరో రెండు వివరాలు అడిగి రాసుకోండి: అన్నగారి సొంత ఊరు, మరణించిన తేదీ. గోడ మీద 58 వేలకు పైగా పేర్లున్నాయి. ఒకే పేరు గలవారు చాలామంది ఉంటారు. గోడ మీద ఊరు, హోదా, తేదీ ఏవీ ఉండవు, ఒట్టి పేరే. పొరపాటున ఇంకొకరి పేరు అచ్చు తీసుకెళ్తే ఆ పెద్దాయన మనసు ఎంత నొచ్చుకుంటుందో ఊహించండి.

పేర్లు అక్షర క్రమంలో లేవు. చనిపోయిన లేదా కనిపించకుండా పోయిన తేదీల వరుసలో ఉన్నాయి. అలా ఉంచాలన్నది రూపకర్త మాయా లిన్ ఆలోచనే. 1981లో జరిగిన పోటీలో 1,421 నమూనాల్లోంచి ఆమెది ఎంపికైనప్పుడు ఆమె వయసు 21, యేల్ విశ్వవిద్యాలయంలో విద్యార్థిని. తేదీల వరుస వల్ల ఒకే పోరులో, ఒకే రోజు పోయినవాళ్లు గోడ మీదా పక్కపక్కనే ఉంటారు. బతికి వచ్చిన సహచరుడు ఆ ముక్క దగ్గర నిలబడితే తన దళమంతా ఒక్కచోట కనిపిస్తుంది.

గోడ రెండు రెక్కలు మధ్యలో కోణంగా కలుస్తాయి. మీరు గోడకు ఎదురుగా నిలబడితే కుడిచేతి వైపుది తూర్పు రెక్క, ఎడమది పడమటి రెక్క. మొదలు మధ్యలోనే ఉంది. తూర్పు రెక్క మొదటి పలక పైభాగాన 1959 అని చెక్కి, పేర్లు అక్కణ్నుంచి కుడివైపుకు సాగుతాయి. తూర్పు చివర నేలలోకి దిగిపోయినచోట 1968 మే నెలలో ఆగి, పడమటి చివర మళ్లీ మొదలై, 1975తో మధ్యకు వచ్చి చేరతాయి. మొదటి పేర్లు, చివరి పేర్లు పక్కపక్కన ఉంటాయి. తేదీ తెలిస్తే వెతకాల్సిన చోటు అంచనాకు వస్తుందని ఇందుకే అన్నది. రెండో ప్రపంచ యుద్ధ స్మారకం వైపు నుంచి వచ్చేవారు తూర్పు చివర ప్రవేశిస్తారు. అంటే యుద్ధం నడిమధ్యలో అడుగుపెడతారు. వరుసగా చదవాలనుకుంటే మధ్యదాకా నడిచి, అక్కణ్నుంచి మొదలుపెట్టండి.

ఇక ఖచ్చితమైన చోటు. గోడ రెండు చివర్లలో పేర్ల పుస్తకాలున్నాయి, అవి అక్షర క్రమంలోనే ఉంటాయి. అందులో పేరు, పుట్టిన తేదీ, ఊరితో పాటు పలక సంఖ్య, వరుస సంఖ్య ఉంటాయి. ఇంట్లోనే చూసుకోవాలంటే వియత్నాం వెటరన్స్ మెమోరియల్ ఫండ్ వారి వెబ్‌సైట్‌లో వెతకొచ్చు. అక్కడ చాలామందివి ఫొటోలు కూడా ఉన్నాయి, పెద్దాయన చూపిస్తే పోల్చుకోగలరు. పలక సంఖ్య పక్కన ‘ఈ’ ఉంటే తూర్పు రెక్క, ‘డబ్ల్యు’ ఉంటే పడమర. రెండు రెక్కల్లోనూ సంఖ్యలు మధ్య నుంచి బయటికి 1 నుంచి 70 దాకా పెరుగుతాయి. పలక సంఖ్య అడుగున సన్నగా చెక్కి ఉంటుంది, వంగి చూడాలి. వరుసలు పైనుంచి లెక్కపెట్టాలి. పెద్ద పలకల్లో 130కి పైగా వరుసలుంటాయి కాబట్టి వేలితో లెక్కిస్తే తప్పుతుంది. ఒకటి విడిచి ఒక పలక అంచున పదేసి వరుసలకు ఒక చుక్క పెట్టారు. ఆ చుక్కలు పట్టుకుని పదులు దాటి, మిగిలినవి లెక్కపెట్టండి.

పేరు పక్కనున్న గుర్తు కూడా చూడండి. డైమండ్ గుర్తుంటే మరణం ఖాయమైనట్టు. శిలువలా ఉంటే ఆచూకీ తేలనట్టు. తర్వాత అవశేషాలు దొరికి గుర్తింపు ఖాయమైతే శిలువ మీదే డైమండ్ చెక్కుతారు.

అచ్చు తీయడానికి కాగితం, పెన్సిల్ అక్కడి వాలంటీర్లు ఉచితంగా ఇస్తారు. ఎవరూ లేని వేళ వెళ్లొచ్చు కాబట్టి పల్చటి తెల్ల కాగితం, మెత్తటి పెన్సిల్ వెంట ఉంచుకోండి. ఒకరు కాగితం కదలకుండా రెండు చేతులతో అదిమి పట్టుకోవాలి, మరొకరు పెన్సిల్‌ను పడుకోబెట్టి, ముల్లు పక్కభాగంతో ఒకే దిశలో తేలిగ్గా రుద్దాలి. గట్టిగా నొక్కితే అక్షరాల గుంటల్లోకి కాగితం దిగి చిరుగుతుంది. ముందుకీ వెనక్కీ రుద్దితే అంచులు జంటగా పడతాయి. వాన పడ్డాక, పొద్దున్నే మంచు తడి ఉన్నప్పుడు మెత్తని గుడ్డతో రాయి తుడిచి ఆరనిచ్చాకే మొదలుపెట్టండి. మైనపు క్రేయాన్లు వాడొద్దు, మైనం రాయికి అంటుకుంటుంది. మధ్యలో గోడ ఎత్తు 10 అడుగులు దాటుతుంది. పేరు అందకపోతే ఎగబాకకండి, వాలంటీరును అడిగితే నిచ్చెన వేసి తీసిస్తారు. పెన్సిల్ పొడి చెరిగిపోకుండా కాగితాన్ని మడవక, గొట్టంలోనో గట్టి ఫైలులోనో పెట్టుకోండి. అచ్చుతో పాటు ఆ పలక మొత్తం కనిపించేలా ఒక ఫొటో కూడా తీసుకెళ్లండి. చుట్టూ ఎవరి పేర్లున్నాయో ఆయన చూడాలనుకుంటారు.

గోడ అడుగున ఉత్తరాలు, పతకాలు, బూట్లు పెట్టి ఉంటాయి. వాటిని కదపకూడదు. పార్క్ సిబ్బంది సేకరించి భద్రపరుస్తారు.

ఇంకో సంగతి, ఆ నల్లరాయి మన దేశానిదే. బెంగళూరు సమీపంలోని గనుల్లోంచి తీసి, వెర్మాంట్ రాష్ట్రంలో కోసి మెరుగుపెట్టి, మెంఫిస్‌లో పేర్లు చెక్కించారు. అద్దంలా మెరవాలని కోరి ఎంచుకున్న రాయి అది. పేరు చదువుతుంటే ఆ అక్షరాల మీదే చదివేవారి ముఖం కనిపిస్తుంది.

ప్రశ్న: స్మారకాలకు ప్రవేశ రుసుము ఎంత? పాస్‌పోర్టు చూపించాలా? – ఒక పాఠకురాలు, కరీంనగర్

జవాబు: మాల్ మీద, టైడల్ బేసిన్ చుట్టూ ఉన్న స్మారకాలన్నీ ఉచితం, 24 గంటలూ తెరిచే ఉంటాయి. గుర్తింపు కార్డు అడగరు. సందేహాలు తీర్చే రేంజర్లు ఉదయం 9.30 నుంచి రాత్రి 10 దాకా ఉంటారు. టోపీ, యూనిఫారం చూసి పోలీసులనుకుని వెనకాడకండి. వివరించడమే వాళ్ల ఉద్యోగం, అడిగితే ఎంతో ఓపిగ్గా చెబుతారు.

ప్రశ్న: లింకన్ స్మారకం లోపల విగ్రహం తప్ప చూడాల్సింది ఇంకేమైనా ఉందా? ఎనిమిదో తరగతి చదివే మా అమ్మాయి స్కూల్ ప్రాజెక్టు చేయాలి. – ఒక పాఠకుడు, న్యూజెర్సీ

జవాబు: చాలా ఉంది, అదీ పిల్లలు తామే కనిపెట్టగలిగినవి. లోపలికి వెళ్లేముందే బయట స్తంభాలు లెక్కపెట్టమనండి. చుట్టూ 36 ఉంటాయి. లింకన్ మరణించేనాటికి అమెరికాలో ఉన్న రాష్ట్రాలు 36. అన్నిటికన్నా పై అంచున చెక్కిన రాష్ట్రాల పేర్లు మాత్రం 48. అవి 1922లో స్మారకాన్ని ప్రారంభించేనాటి లెక్క. తర్వాత చేరిన అలాస్కా, హవాయిల కోసం కింద మెట్ల దగ్గర ఒక ఫలకం పెట్టారు. ఒక్క కట్టడంలో మూడు కాలాలు కనిపిస్తాయి, ప్రాజెక్టుకు ఇదే చక్కని ఎత్తుగడ.

లోపల విగ్రహం ఎత్తు 19 అడుగులు. శిల్పి డేనియల్ చెస్టర్ ఫ్రెంచ్, రాయి చెక్కినది పిచ్చిరిల్లి సోదరులు. చేతులు చూడండి, ఒకటి పిడికిలి బిగించి, ఒకటి సడలించి ఉంటుంది. విగ్రహానికి ఎదురుగా నిలబడితే ఎడమవైపు, అంటే దక్షిణపు గోడ మీద, గెటిస్‌బర్గ్ ప్రసంగం ఉంటుంది. కుడివైపు, ఉత్తరపు గోడ మీద, రెండోసారి పదవి చేపట్టినప్పటి ప్రసంగం. ఈ రెండోదాన్ని మొదటి పేరా చివరిదాకా నిదానంగా చదివించండి. ‘ఫ్యూచర్’ అన్న మాటలో మొదటి అక్షరం ‘ఎఫ్’ బదులు ‘ఈ’ చెక్కేశారు. తర్వాత ఆ అడుగు గీతను పూడ్చారుగానీ, ఆ పూత పక్క అక్షరాలకన్నా వేరుగా ఇప్పటికీ తెలుస్తుంది.

బయటికి వచ్చి, పైనుంచి 18 మెట్లు దిగాక వచ్చే చదును మీద నేలకేసి చూడండి. 1963 ఆగస్టు 28న మార్టిన్ లూథర్ కింగ్ నిలబడి ‘ఐ హ్యావ్ ఎ డ్రీమ్’ ప్రసంగం చేసిన చోటది. అక్షరాలను 2003లో చెక్కారు. రాయి రంగులోనే ఉండటం వల్ల చాలామంది వాటి మీదే నడిచి వెళ్లిపోతుంటారు. అక్కడ జనం నిలబడి ఉంటే నిమిషం ఆగండి. ఆ చోటు నుంచి అమ్మాయిని తూర్పుకు తిప్పి నిలబెడితే, ఆరోజు రెండున్నర లక్షలమంది నిండిన మైదానం ఎంతదో కళ్లకు కడుతుంది.

స్మారకం అడుగుభాగంలో కొత్త ప్రదర్శనశాల పనులు 2023లో మొదలయ్యాయి. లిఫ్ట్, టాయిలెట్ల విషయంలో మార్పులుండవచ్చు, ముందే చూసుకోండి.

ప్రశ్న: మా అమ్మగారికి మోకాళ్ల నొప్పులు. వంద అడుగులు వేస్తే కూర్చోవాలంటారు. ఆమెను తీసుకెళ్లడం సాధ్యమేనా? – ఒక పాఠకురాలు, డాలస్

జవాబు: తప్పకుండా సాధ్యమే. మడతపెట్టే చక్రాల కుర్చీ ఒకటి ఇంటినుంచే తీసుకెళ్లండి. నడవగలరు కదా అని వదిలేస్తే మొదటి స్మారకం దగ్గరే రోజు ముగుస్తుంది. ఆమెకు ఎక్కువ హాయిగా ఉండేవి రూజ్‌వెల్ట్, కింగ్ స్మారకాలు. రెండూ మెట్లు లేకుండా చదునుగా ఉంటాయి, కూర్చోవడానికి చోట్లున్నాయి, పక్కనే వెస్ట్ బేసిన్ డ్రైవ్‌లో కారు ఆపి దింపొచ్చు. వియత్నాం గోడ ముందు బాట నెమ్మదిగా దిగి మళ్లీ ఎక్కుతుంది. దిగేటప్పుడు కుర్చీని గట్టిగా పట్టుకోండి. కొరియా స్మారకం చదునే. లింకన్, జెఫర్సన్‌లలో పైకి లిఫ్టులున్నాయి, పనిచేస్తున్నాయో లేదో ఆ ఉదయం కనుక్కోండి.

దిగడానికి ఊబర్‌లో ‘లింకన్ మెమోరియల్’ అని మాత్రమే కొడితే డ్రైవర్ ఎక్కడో దింపుతాడు. కొరియా వైపు వెళ్లాలంటే డేనియల్ ఫ్రెంచ్ డ్రైవ్, వియత్నాం వైపుకు హెన్రీ బేకన్ డ్రైవ్ అని పెట్టండి. ఆ రెంటికీ నడుమ లింకన్ మెట్లున్నాయి, తప్పుగా దిగితే కుర్చీ తోసుకుంటూ చుట్టి రావాలి.

ప్రశ్న: సైన్యంలో వైద్య విభాగంలో పనిచేసి రిటైరయ్యాను. కొరియా యుద్ధ స్మారకంలో మన దేశం ప్రస్తావన ఉందని మిత్రులు అంటున్నారు. నిజమేనా? – ఒక పాఠకుడు, సికింద్రాబాద్

జవాబు: నిజం. పొంచోలు కప్పుకుని పొదల మధ్య నడుస్తున్న 19 ఉక్కు సైనికుల విగ్రహాలకు ఉత్తరం వైపు బాట అంచున, నేలకు దగ్గరగా రాతి పట్టీ ఉంది. ఐక్యరాజ్యసమితి పిలుపు మీద సైన్యాన్నో వైద్య బృందాలనో పంపిన 22 దేశాల పేర్లు దాని మీద అక్షర క్రమంలో చెక్కారు. గ్రీస్ తర్వాత, ఇటలీకి ముందు ఇండియా ఉంటుంది. అందరి చూపూ విగ్రహాల మీదే ఉంటుంది కాబట్టి ఇది ఎవరి కంటా పడదు.

ఆ పేరు వెనక ఉన్నది మీ విభాగమే. లెఫ్టినెంట్ కల్నల్ ఎ.జి.రంగరాజ్ నాయకత్వంలో 60వ పారాచూట్ ఫీల్డ్ ఆంబులెన్స్ 1950 నవంబరులో కొరియా చేరింది. 1951 మార్చిలో మున్సాన్ దగ్గర అమెరికన్ పారాట్రూపర్లతో పాటు మన వైద్య బృందం కూడా విమానాల్లోంచి దూకింది. రంగరాజ్‌కు మహావీర్ చక్ర ఇచ్చారు. యుద్ధవిరమణ తర్వాత ఖైదీల అప్పగింతకు ఏర్పాటైన తటస్థ దేశాల కమిషన్‌కు జనరల్ తిమ్మయ్య అధ్యక్షత వహించారు. మనవలు వెంట ఉంటే ఆ రాతి పట్టీ దగ్గరే నిలబెట్టి చెప్పండి.

విగ్రహాల పక్కన మెరుగుపెట్టిన నల్ల గోడ ఉంది. అందులో 19 మంది ప్రతిబింబాలు కలిసి 38 అవుతారు, అది ఉత్తర, దక్షిణ కొరియాలను విడదీసిన 38వ అక్షాంశానికి గుర్తు. స్మృతి కొలను చుట్టూ 2022లో చేర్చిన గోడ మీద 36 వేలకు పైగా అమెరికన్ సైనికులతో పాటు, వారి దళాల్లో కలిసి పోరాడిన 7 వేలకు పైగా కొరియన్ల పేర్లూ ఉన్నాయి.

ప్రశ్న: పగలు బాగుంటుందా, రాత్రా? ఫొటోల కోసం అడుగుతున్నాను. – ఒక పాఠకుడు, హైదరాబాద్

జవాబు: లింకన్ స్మారకం ముఖం తూర్పుకు. ముందు భాగం ఫొటో ఉదయం 10లోపు తీయాలి, మధ్యాహ్నం తర్వాత వెనక నుంచి ఎండ పడి నల్లబడుతుంది. రాత్రి మాత్రం దీపాల వెలుగులో విగ్రహం బయటి మెట్ల నుంచే కనిపిస్తుంది, అప్పుడు చూడటమే మా ఓటు. కొరియా సైనికులు కూడా చీకటిపడ్డాకే ఎక్కువ ఆకట్టుకుంటారు. రూజ్‌వెల్ట్ స్మారకంలో చీకటి మూలలు ఎక్కువ, అక్కడికి వెలుగుండగానే వెళ్లండి. ఆఖరి మెట్రో వేళ చూసుకుని కూర్చోండి. డ్రోన్ ఎగరేయడం ఈ నగరంలో నేరం, బ్యాగులోంచి తీయనే వద్దు.

ప్రశ్న: ఆర్లింగ్టన్ శ్మశానవాటిక, మన గాంధీజీ విగ్రహం అదే రోజు కలపొచ్చా? – ఒక పాఠకురాలు, విజయవాడ

జవాబు: ఆర్లింగ్టన్ వద్దు. దానికి విడిగా ఒక పూట కావాలి. ఉదయం 8 నుంచి సాయంత్రం 5 దాకానే తెరుస్తారు, తనిఖీ ఉంటుంది, పెద్దవాళ్లు ఫొటో ఉన్న గుర్తింపు కార్డు తీసుకెళ్లాలి. అజ్ఞాత సైనికుల సమాధి దగ్గర కాపలా మారే కార్యక్రమం ఏప్రిల్ నుంచి సెప్టెంబరు దాకా అరగంటకోసారి, మిగతా నెలల్లో గంటకోసారి. ప్రవేశ ద్వారం నుంచి అక్కడికి ఎత్తు మీద పావుగంట పైన నడక ఉంటుంది. అరగంట ముందు బయల్దేరకపోతే సగంలో చేరతారు. కాపలా సైనికుడు 21 అడుగులు వేసి, 21 సెకన్లు నిలిచి తిరుగుతాడు. ఆ సమయంలో మాట్లాడకూడదు, నిలబడే ఉండాలి. మెట్రోలో బ్లూ లైన్‌కు ఆర్లింగ్టన్ సెమెటరీ అనే స్టేషనే ఉంది.

గాంధీజీ విగ్రహం మసాచుసెట్స్ అవెన్యూలో భారత రాయబార కార్యాలయం ఎదురుగా ఉంది. 2000 సెప్టెంబరు 16న ప్రధాని వాజ్‌పేయి, అధ్యక్షుడు క్లింటన్ సమక్షంలో ఆవిష్కరించారు. రెడ్ లైన్‌లో డూపాంట్ సర్కిల్ స్టేషన్‌లో దిగితే పది నిమిషాల నడక. అది మాల్‌కు దూరం కాబట్టి ఒక్క రోజు ప్రయాణంలో ఇరికించకండి. రాయబార కార్యాలయంలో పని ఉన్న రోజు చూడటం తేలిక. రోడ్డు దాటితే చాలు.